పరీక్ష అని తెలియని పరీక్ష

అనంతపురం పల్లెల్లో బడి ముఖం చూడని నాలుగేళ్ల పిల్లకు ఇంగ్లీషు మాట ఒక్కటీ రాదనుకుంటే పొరపాటే. బోరు, మోటారు, పైపు, డ్రిప్పు, ట్యాంకరు, కరెంటు, బస్సు, ఫోను, చార్జరు, లోను... ఇవన్నీ ఆ పిల్ల రోజూ వినేవే, అనేవే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షపాతం ఉన్న జిల్లాగా దీనికి పేరుపడింది. ఇక్కడి ఇళ్లలోకి ఇంగ్లీషు మాటలు చాలావరకు ఎండిన బోర్లతో, చెనక్కాయ పంటకు తెచ్చిన బ్యాంకు అప్పులతో, బెంగళూరు కూలిపనులతో వచ్చి చేరాయి.

ఒకటో తరగతిలో కూర్చోగానే ఆ సరుకంతా గుమ్మం బయటే ఆగిపోతుంది. లోపల పాఠం ఆపిల్‌తో మొదలవుతుంది. నాలుగు గీతల కాపీ పుస్తకంలో అక్షరాలు దిద్దాలి, సారు చెప్పింది అందరూ ఒక్క గొంతుతో అనాలి, ఏడాది చివర ఖాళీలు పూరించాలి. ఇంత చేసినా ఆ పిల్లకు ఇంగ్లీషుతో నిజంగా అవసరం పడే ఘడియ ఒక్కటీ రాదు. అడిగి తెలుసుకోవాల్సింది ఏదీ ఉండదు, నోరు తెరవకపోతే ఆగిపోయే పనీ ఉండదు.

ఫలితం ఎలా ఉంటుందో దేశమంతటి లెక్కే చెబుతుంది. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2016లో చెప్పిన ప్రకారం, గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో తేలికైన ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 24.5 శాతం. ఎనిమిదో తరగతిలో 45.2 శాతం. ఇక మాట్లాడటం సంగతి అసర్ అడగనే లేదు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అంటే 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చాక మొదలైన ఆర్డీటీ, డిగ్రీ చదివిన యువతీయువకుల కోసం ఒక విదేశీ భాషల పాఠశాల నడుపుతోంది. స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్‌లతో పాటు ఇంగ్లీషు కూడా అక్కడ నేర్పుతారు. పదేళ్లకు పైగా బడిలో చదివిన భాషను ఇరవై దాటాక మళ్లీ మొదటి నుంచి పట్టుకోవాల్సి రావడం మామూలు విషయమైపోయింది. ఆ పదేళ్లలో ఏం జరగలేదు అన్నదే అసలు ప్రశ్న.

భాష చెవిలోకి ఎలా దిగుతుందో 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం చేసిన ఒక ప్రయోగం చక్కగా చూపించింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా మాండరిన్ భాషను మూడు రకాలుగా వినిపించారు. కొందరికి ఎదురుగా కూర్చున్న మనిషి బొమ్మలు చూపిస్తూ, ఆడిస్తూ మాట్లాడింది. కొందరు అదే మనిషిని తెరమీద చూశారు. కొందరికి గొంతు మాత్రమే వినిపించారు. ఒక్కోటి 25 నిమిషాలకు మించని పన్నెండు తడవలు. మనిషి ఎదురుగా ఉన్న పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాలను పసిగట్టారు. తెర చూసినవాళ్లకు, గొంతు మాత్రమే విన్నవాళ్లకు దాదాపు ఏమీ అంటలేదు. తొమ్మిది నెలల పసికందుల ఫలితాన్ని ఆరేళ్ల పిల్లలకు యథాతథంగా అంటగట్టలేం. కానీ ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చిన ఈ రోజుల్లో ఆ ప్రయోగాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది. తెర పాట పాడుతుంది. పిల్ల తప్పుగా పలికితే తిరిగి చూసి నవ్వదు.

మాట వినగానే మాట్లాడాలని పట్టుబట్టడం పెద్దవాళ్ల తొందర. కొత్త భాషలోకి దిగిన పిల్లలు చాలామంది కొన్ని వారాలో నెలలో మౌనంగా ఉంటారు. ఆ మౌనం ఖాళీ కాదు. అప్పటికే అర్థం చేసుకుంటున్నారని ఎలా తెలుస్తుంది? అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో దీనికి తేలికైన దారి చూపాడు: చెప్పు, చెయ్యనివ్వు. లేచి నిలబడు, తలుపు దగ్గరికి నడువు, రాయి తీసుకో, రాయి బుట్టలో వెయ్యి. ఇంగ్లీషులో చెప్పింది విని ఒళ్లు కదిలిస్తే చాలు, నోరు తెరవక్కర్లేదు. 'స్టాండ్', 'సిట్', 'టచ్ ది ట్రీ' అంటూ చింతచెట్టు కింద ఆడించే ఆటలో ముప్పైమందిలో ఎవరు విని కదిలారు, ఎవరు పక్కవాణ్ని చూసి కదిలారు అన్నది ఐదు నిమిషాల్లో సారుకు తెలిసిపోతుంది. పక్కవాణ్ని చూసి కదిలేవాడు ఒక్క క్షణం ఆలస్యంగా కదులుతాడు మరి.

ఆటలో పరీక్ష దాగి ఉండటం అంటే ఇదే. ఆట పూర్తయ్యాక వేరే పరీక్ష పెట్టక్కర్లేదు.

దాగుడుమూతల సంగతి చూద్దాం. ఒక చింతపిక్కను గదిలో ఎక్కడో దాచాలి. వెతికేవాడు ఇంగ్లీషులో అడగాలి: 'ఈజ్ ఇట్ అండర్ ది మ్యాట్?' తెలుగులో 'చాప కింద' అంటాం, వస్తువు ముందు, చోటు తర్వాత. ఇంగ్లీషులో ఇది తలకిందులు. ఈ తేడాను నల్లబల్ల మీద వ్యాకరణంగా చెబితే ఆరేళ్ల పిల్లకు నెత్తికెక్కదు. ఆటలో మాత్రం తప్పుగా అడిగితే చింతపిక్క దొరకదు, అవతలివాడు 'ఏమడుగుతున్నావురా' అని నవ్వుతాడు. దొరకాలన్న ఆశే వాక్యాన్ని సరిచేయిస్తుంది. ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకపోవడం, ఆ ఖాళీని మాటతోనే పూడ్చాల్సి రావడం, ఇదే కీలకం.

ఈ ఆలోచనకు ప్రపంచంలో పేరు తెచ్చిన ప్రయోగం అనంతపురానికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న బెంగళూరులోనే పుట్టింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు దక్షిణాదిలోని కొన్ని మామూలు బడుల్లో ఇంగ్లీషును వ్యాకరణం పాఠాలుగా చెప్పడం మానేసి, పనులుగా ఇచ్చాడు. రైళ్ల వేళల పట్టిక చూసి ఏ బండి ఎక్కాలో తేల్చడం, పటం చూసి దారి చెప్పడం, ఆధారాలు కూర్చి ఒక చిక్కుముడి విప్పడం లాంటివి. పిల్లల దృష్టి పనిమీద ఉంటుంది. భాష వెనక నుంచి వచ్చి చేరుతుంది. భాషా బోధన చరిత్రలో దీన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటారు. ఇవాళ ప్రపంచమంతా వాడే 'పని ఆధారిత బోధన'కు మూలాల్లో ఇదొకటి. మన పక్క ఊళ్లో పుట్టిన ఈ సంగతి మన ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో ఎంత తక్కువగా వినిపిస్తుందో చూస్తే కాస్త చిరాకే వేస్తుంది.

ఆ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన పాఠం మాత్రం చివర్లో, దాన్ని కొలిచినప్పుడు బయటపడింది. అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రాజెక్టు తరగతుల్ని, పాత పద్ధతి తరగతుల్ని పోల్చడానికి కూర్చున్నారు. ఏ పరీక్ష పెట్టాలి? వ్యాకరణ రూపాలు అడిగితే పాత పద్ధతివాళ్లకు అనుకూలం. పని ఇచ్చి చేయమంటే కొత్తవాళ్లకు అనుకూలం. అందుకని రెండు రకాలూ పెట్టి, ఎటూ మొగ్గని మరికొన్ని కూడా పెట్టారు. రూపాల పరీక్షలో పాత తరగతులు ముందున్నాయి. పనుల పరీక్షలో కొత్త తరగతులు ముందున్నాయి. ఎటూ మొగ్గని పరీక్షల్లో మొత్తమ్మీద కొత్తవాళ్లదే పైచేయి. పాఠం ఎలా చెప్పినా, కొలబద్ద ఏది తీసుకున్నామన్నది సగం ఫలితాన్ని ముందే రాసేస్తుందన్నమాట. బడిలో రోజంతా ఆడించి సాయంత్రం ఖాళీలు పూరించమంటే, ఆ ఆట దండగ అని కాగితమే తీర్పు చెబుతుంది.

మరి ఆటను ఆటతోనే కొలిచే పద్ధతి ఉందా? ఉంది, 1958 నుంచీ ఉంది. జీన్ బెర్కో అనే యువ పరిశోధకురాలు బోస్టన్ ప్రాంతపు చిన్నపిల్లలకు ఒక బొమ్మ చూపించింది. పిట్టలా ఉన్న ఒక వింత జీవి. దాని పేరు 'వగ్' అని చెప్పింది. అలాంటి పేరు ఎక్కడా లేదు, తనే కల్పించింది. తర్వాత అలాంటివి రెండు చూపించి, 'ఇప్పుడు రెండున్నాయి, రెండు...' అని ఆగింది. పిల్లలు 'వగ్స్' అని పూర్తిచేశారు. ఆ మాట అంతకుముందు వాళ్లు విని ఉండే అవకాశమే లేదు. అంటే బట్టీపట్టింది కాదు, సూత్రం లోపల కుదురుకుంది. పిల్లలకు ఇది పరీక్ష అని తోచనే తోచదు.

తెలుగు పిల్లలూ రోజూ ఇదే చేస్తుంటారు. కొత్త మాట ఏది వచ్చినా దానికి 'లు' తగిలిస్తారు: బస్సులు, చార్జర్లు, బోర్లు. ఈ తెలివిని ఇంగ్లీషులోకి లాగడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ప్రతి పిల్లా పలక మీద తనకు తోచిన జంతువును గీస్తుంది, నోటికొచ్చిన పేరు పెడుతుంది. పక్కపిల్ల దాన్ని చూసి 'దిస్ ఈజ్ ఎ...' అనాలి, రెండు గీస్తే 'టూ...' అనాలి. అది దూకుతుంటే? నిన్న దూకితే? ఒక్క పలకతో నాలుగు సూత్రాలు తేలిపోతాయి. 'వెంట్' అనాల్సిన చోట 'గోడ్' అని తప్పుగా అన్న పిల్ల నిజానికి ముందుకు నడిచిన పిల్ల. గతకాలానికి ఒక సూత్రం ఉందని కనిపెట్టింది, మినహాయింపు ఇంకా తెలియలేదంతే. ఖాళీల పరీక్షలో ఆ పిల్లకు సున్నా.

తప్పులు ఇలా మాట్లాడతాయని రాతలోనూ తెలుస్తుంది. 1971లో వెలువడిన పరిశోధన కోసం చార్లెస్ రీడ్ అనే భాషావేత్త, బడికి పోకముందే తమంతట తాము ఇంగ్లీషు రాసే పిల్లల కాగితాలు పోగేశాడు. వాళ్లు ట్రైన్ లాంటి మాటల్ని 'సీహెచ్'తో మొదలుపెట్టి రాసేవాళ్లు. తప్పే, కానీ చెవికి వినిపించేదాన్ని పెద్దల కన్నా నిజాయితీగా పట్టుకున్న తప్పు. తెలుగు చెవికి వేరే లెక్కలుంటాయి. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి బస్ 'బస్సు' అవుతుంది, పెన్ 'పెన్ను' అవుతుంది. అలా వినే పిల్ల స్పెల్లింగు చివర 'యూ' తగిలిస్తే అది అజ్ఞానం కాదు, వినికిడి. ఇంగ్లీషు 26 అక్షరాలతో దాదాపు 44 ధ్వనుల్ని ఈడ్చుకొస్తుంది. రాసినట్టే పలికే తెలుగుకు అలవాటుపడ్డ పిల్లకు ఈ మోసం కొత్త. అయితే మన పిల్లలకు ఒక లాభమూ ఉంది. ఎ-ఏ, ఒ-ఓ తేడా తెలుగులో పుట్టుకతో ఉంది కనుక 'పెన్'కూ 'పెయిన్'కూ తేడా వినడం హిందీ పిల్లలకన్నా వీళ్లకు తేలిక.

రాయలసీమ బడులకు ఆట కొత్తేమీ కాదు. 1980లలో బ్రిటన్ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలను తెచ్చింది: చేసి నేర్చుకోవడం, జట్లుగా పనిచేయడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడలకు తగిలించడం వంటివి. ఆనాటి ఉపాధ్యాయులకు అవి ఇప్పటికీ కంఠతా వచ్చు. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం భయం లేని బడినీ, నిరంతర సమగ్ర మూల్యాంకనాన్నీ చట్టంలోనే రాసింది. దాన్నుంచి వచ్చిన నిర్మాణాత్మక మూల్యాంకనంలో నాలుగు సాధనాలు పెట్టారు: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. కాగితం మీద ఎంత మంచి ఏర్పాటో! మొదటి మూడింటికీ పదేసి మార్కులు, లఘు పరీక్షకు ఇరవై. ఎక్కువ మార్కులున్నదాని వైపే అందరి చూపూ మళ్లింది. మిగతావి రికార్డులు నింపే పనిగా మిగిలాయి. 2022లో తరగతి ఆధారిత మూల్యాంకనం పేరుతో ఓఎంఆర్ పత్రాలు వచ్చాయి. 2023లో అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని 3 నుంచి 5 తరగతులకు టోఫెల్ ప్రైమరీ అనే ఇంగ్లీషు పరీక్షను తెచ్చారు. ఆటను ప్రతి పథకమూ పొగిడింది. కొలిచే చోటికి వచ్చేసరికి ప్రతిదీ వృత్తాలు నింపించింది.

దీనికి విరుగుడు ఇదే మెట్టనేలలో, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో ఎప్పుడో తయారైంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లో ఒకే ఉపాధ్యాయుడుండే చిన్న బడులు పెట్టింది. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. కార్డులన్నీ గోడమీది ఒక 'నిచ్చెన'లో వరుసగా ఉంటాయి. ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లే చూసుకుంటుంది, బొమ్మ గుర్తునుబట్టి తన కార్డు తనే తెచ్చుకుంటుంది. ప్రతి మజిలీలో కొన్ని కార్డులు పరిచయానికి, కొన్ని సాధనకు, ఒకటి మూల్యాంకనానికి. అది దాటలేకపోతే బలపరిచే కార్డులు, దాటితే తర్వాతి మజిలీ. పరీక్షల వారం ఉండదు. పరీక్ష దారిలోనే వస్తుంది, ఒక్కో పిల్లకు ఒక్కో రోజు. వారం రోజులు అమ్మానాన్నలతో సుగ్గికి, అంటే కోతల పనికి, పోయి వచ్చిన పిల్ల, వదిలిన మెట్టు మీదే మళ్లీ కాలు పెడుతుంది. వలసలు ఎక్కువగా ఉండే అనంతపురం లాంటి చోట ఈ ఒక్క గుణం కోసమైనా ఆ పద్ధతిని తెచ్చుకోవచ్చు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు దీన్ని అందుకున్నాయి, తర్వాత తమిళనాడు అంతటా పాకింది, అక్కడ ఇంగ్లీషుకూ నిచ్చెన కట్టారు.

రిషివ్యాలీ పల్లె బడుల్లో మెట్రిక్ మేళా అని ఒకటి జరుపుతారు. పిల్లలు సంత పెడతారు, ఊరివాళ్లు వస్తారు. తూకాలు, కొలతలు, చిల్లర అన్నీ పిల్లలవే. అది లెక్కల కోసం పుట్టింది కానీ ఇంగ్లీషుకూ అతికినట్టు సరిపోతుంది. అంగడి ఆటలో 'హౌ మచ్?' అన్న మాట రాకపోతే బేరమే మొదలవదు.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఇంకో వనరు ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ కళ ఇరువైపులదీ. తెర వెనకనుంచి మాట్లాడేవాడి ముఖం ఎవరికీ కనబడదు. కొత్త భాషలో నోరు మెదపడానికి జంకే పిల్లకు ఇంతకన్నా కావలసిందేముంది? తప్పు మాట్లాడింది తను కాదు, తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడు. భయం, సిగ్గు పెరిగినకొద్దీ విన్న భాష లోపలికి ఇంకదని స్టీఫెన్ క్రాషెన్ 1980లలో వాదించాడు. ఆ వాదంలో కొలవడానికి వీల్లేని సంగతులు ఎక్కువని విమర్శలున్నాయి. కానీ బొమ్మ చేతికిస్తే నోరు విప్పని పిల్ల కూడా మాట్లాడటం ఏ అంగన్‌వాడీ టీచరైనా చూసే ఉంటుంది. అట్టముక్కతో, చీపురుపుల్లతో చేసిన బొమ్మ చాలు, మేకతోలే కానక్కర్లేదు.

ఇంత చెప్పాక రెండు హెచ్చరికలు కూడా కావాలి. ఆట దానంతటదే చదువైపోదు. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డుఫ్లో బృందం ఢిల్లీలో ప్రథమ్ సంస్థ బాలవాడుల్లోని ఐదేళ్ల పిల్లలకు లెక్కల ఆటలు ఆడించింది. సంఖ్యల మీద, ఆకారాల మీద సహజమైన పట్టు పెరిగింది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. ఒకటో తరగతిలో అంకెలూ గుర్తులతో చేసే బడి లెక్కలకు మాత్రం ఆ లాభం చేరలేదు. ఆటకూ బడి గుర్తులకూ మధ్య ఎవరో ఒకరు వంతెన కట్టాలి. దాగుడుమూతల్లో 'అండర్' అన్న పిల్లకు, అదే రోజు ఆ మాట అట్టముక్క మీద చూపించి చాప కిందే పెట్టించాలి.

రెండోది, ఇంటి భాష. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రలో 2008 నుంచి నాలుగేళ్లపాటు 5 జిల్లాల్లోని 180 గ్రామాల్లో, లాటరీ తీసి పేదపిల్లలను ప్రైవేటు బడులకు పంపి చూశారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వాళ్లకూ సర్కారు బడి పిల్లలకూ తేడా కనిపించలేదు. తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషు మాధ్యమానికి మారిన పిల్లలు వెనకబడుతున్నారన్న సూచన మాత్రం కనిపించింది. ఇంగ్లీషు నేర్పడం వేరు, తెలియని ఇంగ్లీషులో లెక్కలూ పరిసరాలూ నేర్పడం వేరు. సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం పెట్టడంపై 2019 నుంచి నడిచిన గొడవలో ఈ రెండూ కలగలిసిపోయాయి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు ఆ గొడవలోంచి పుట్టిన మంచి వస్తువు, బట్టీకి వాడకుండా ఉంటే.

పైగా 'ఇంటి భాష' అంటే అనంతపురంలో తెలుగొక్కటే కాదు. రాయదుర్గం వైపు కన్నడం ఉంది, పట్టణాల్లో ఉర్దూ ఉంది, తండాల్లో సుగాలీల లంబాడీ ఉంది. తండా పిల్లకు బడి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఆ పిల్ల నోరు మెదపకపోతే ఇంగ్లీషు రాదని మార్కు వేస్తారు; బహుశా ప్రశ్నలోని తెలుగే తెలియలేదేమో. ఇక్కడ బొమ్మల పరీక్ష సాయపడుతుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రలో దాదాపు మూడు వేలమంది పిల్లలను ఎంచుకుని ఏళ్లతరబడి వెంట నడిచింది. వాళ్లలో అనంతపురం పిల్లలూ ఉన్నారు. వాళ్లలో చిన్న జట్టు పిల్లల పదసంపదను ఐదేళ్ల వయసులో కొలిచింది నాలుగేసి బొమ్మల పేజీలతో. మాట వినిపిస్తారు, పిల్ల సరైన బొమ్మ మీద వేలు పెడుతుంది, అంతే. రాత లేదు, ఉచ్చారణ లేదు. చింతపిక్క, బిందె, బోరు, మేక బొమ్మలతో ఇలాంటి పేజీలు ఏ బడైనా గీసుకోవచ్చు.

అన్నిటికీ వచ్చే అభ్యంతరం ఒకటే: ముప్పైమందిని ఒక్కరు ఇలా ఎలా గమనిస్తారు? ఒకే రోజు అందరినీ గమనించాలనుకుంటే కుదరదు. రోజుకు ఆరుగురి మీద కన్నేస్తే ఐదు రోజుల్లో తరగతి పూర్తవుతుంది. ఆట నడుస్తుండగా ఒక్కో పిల్లకు ఒక వరుస చాలు: విని చేసిందా, చూసి చేసిందా, ఒక్క మాట అందా, రెండు కలిపిందా, తనంతట తాను అడిగిందా. మార్కు వద్దు, పిల్ల అన్న మాటే తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాసుకుంటే ఇంకా మేలు. రెండు నెలల తర్వాత అదే పేజీ తిప్పి చూస్తే 'మ్యాట్' అన్న పిల్ల 'అండర్ మ్యాట్' దాకా వచ్చిందో లేదో తెలుస్తుంది. తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించడానికీ పనికొస్తుంది. ఒక్క సారే ఉన్న బడిలో ఐదో తరగతి పిల్లలు ఒకటో తరగతివాళ్ల అంగడికి గిరాకీలుగా వస్తే, వాళ్ల ప్రశ్నలూ వీళ్ల జవాబులూ కలిపి రెండు తరగతుల గమనికలు ఒకే పూటలో రాసుకోవచ్చు.